ఫొటోలోని రోజు కోసం ప్లాన్ వేయకండి

న్యూజిలాండ్ పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చే ఫొటోల్లో మిల్‌ఫర్డ్ సౌండ్‌ది ఒకటి. నీళ్లలోంచి నిట్టనిలువుగా లేచిన మైటర్ పీక్ శిఖరం, వెనక మబ్బు తునక లేని నీలాకాశం, కింద కదలని నీటిలో తలకిందులుగా మళ్లీ అదే శిఖరం. ఆ ఫొటోలో అబద్ధమేమీ లేదు. అలాంటి ఉదయాలు అక్కడ నిజంగానే వస్తాయి. అయితే ఆ చోట ఏడాదిలో సుమారు 182 రోజులు వాన పడుతుంది. మొత్తం వర్షపాతం 6,400 మిల్లీమీటర్ల పైమాటే. హైదరాబాద్‌లో ఏడాది పొడవునా కురిసేది 800 మిల్లీమీటర్ల దరిదాపు కాబట్టి, అక్కడ ఒక్క ఏడాదిలో పడే వాన హైదరాబాద్‌కు ఎనిమిదేళ్లు సరిపోతుంది. రెండు రోజుల్లో ఒకటి వాన రోజు. మిగిలిన రోజుల్లోనూ కొన్ని మబ్బువి, కొన్ని గాలివి. ఫొటో తీసినవాడికి దొరికింది అదృష్టపు రోజు. ఆ ఫొటో చూసి టికెట్లు కొన్నవాడికి దొరికేది చాలావరకు మామూలు రోజు.

ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. మన ప్లాన్లు దెబ్బతినేది చాలాసార్లు బద్ధకం వల్లో తెలివి చాలకో కాదు. ఫొటోలోని రోజుకు కొలతలు తీసి చొక్కా కుట్టించుకుంటాం, దాన్ని మామూలు రోజున తొడుక్కుంటాం, బిగుతుగా ఉందని రోజును తిడతాం. మార్చవలసింది కొలతలను. ఈ మాట ఉద్యోగానికీ చదువుకీ ఇంటి లెక్కలకీ వర్తిస్తుంది కానీ, దాన్ని పరీక్షించడానికి మిల్‌ఫర్డ్ ప్రయాణం కన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం. అక్కడికి వెళ్లేది ఒకటే రోడ్డు, దాని మీద ఒకటే సొరంగం, చివర గంట కొట్టినట్టు వేళకు బయల్దేరే పడవ. వీటన్నిటి మీదా ఎవరి మాటా వినని వాతావరణం. ప్లాన్‌లో ఎక్కడ చిల్లు ఉన్నా అక్కడ బయటపడుతుంది.

దారి లెక్క

ముందు దారి సంగతి చూద్దాం. పర్యాటకుల్లో ఎక్కువమంది బస చేసేది క్వీన్స్‌టౌన్‌లో. మ్యాపు మీద గీత గీస్తే అక్కడి నుంచి మిల్‌ఫర్డ్ డెబ్బై కిలోమీటర్ల దరిదాపే. కానీ మధ్యలో కొండలున్నాయి, రోడ్డు లేదు. చుట్టూ తిరిగి తే అనౌ ఊరి మీదుగా వెళితే 288 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకపోయినా దాదాపు నాలుగు గంటలు. తిరుగు ప్రయాణానికి మరో నాలుగు. మిల్‌ఫర్డ్‌లో పడవ విహారం సుమారు రెండు గంటలు. అంటే ఏమీ చూడకుండా, ఎక్కడా టీ తాగకుండానే పది గంటలు గడిచాయి. ఒక్కరోజులో వెళ్లొచ్చే బస్సు యాత్రలు పన్నెండు, పదమూడు గంటలు పట్టేది అందుకే. కారు అద్దెకు తీసుకున్న కుటుంబం మాత్రం పొద్దున ఎనిమిదికి బయల్దేరి, మధ్యాహ్నం పన్నెండున్నర పడవ అందుకుని, రాత్రి భోజనానికి తిరిగొచ్చేయవచ్చని లెక్క వేస్తుంది. కాగితం మీద ఆ లెక్క తప్పు కాదు. పిల్లాడికి వాంతి కాని, పెద్దాయన బాత్రూమ్‌కు ఆగాలనని, సొరంగం ముందు ఎర్రలైటు పడని, దారిలో ఏదీ అందంగా కనిపించని రోజుకు ఆ లెక్క సరిపోతుంది.

కానీ అందంగా కనిపించేవి ఎక్కువగా ఉన్నది ఆ దారిలోనే. తే అనౌ దాటాక మిగిలిన 118 కిలోమీటర్ల రోడ్డే యాత్రలో సగం. మంచునదులు కోసిన ఎగ్లింటన్ లోయలో నేల బల్లపరుపుగా, రెల్లు లాంటి పచ్చటి బంగారు గడ్డితో ఉంటుంది. రెండు పక్కలా కొండలు గోడల్లా లేస్తాయి. మిర్రర్ లేక్స్ అనే చిన్న మడుగుల దగ్గర పేరు పలకను తలకిందులుగా పెట్టారు. నీళ్లలో ప్రతిబింబం చూస్తే అక్షరాలు సరిగ్గా కనిపిస్తాయి. తర్వాత డివైడ్ అనే కనుమ వస్తుంది. సదరన్ ఆల్ప్స్ పర్వతాలను తూర్పు నుంచి పడమరకు దాటే దారుల్లో అన్నిటికన్నా తక్కువ ఎత్తున్నది ఇదే, 532 మీటర్లు. ఆ పైన చెట్లు పలచబడి, నల్లరాతి గోడల మధ్య రోడ్డు హోమర్ సొరంగం నోటికి చేరుతుంది. సొరంగం పొడవు సుమారు 1.2 కిలోమీటర్లు, తూర్పు ముఖద్వారం ఎత్తు 945 మీటర్లు, మిల్‌ఫర్డ్ వైపు వాలు పదికి ఒకటి. వేసవి రద్దీలో ట్రాఫిక్ లైట్లు పెట్టి ఒకసారికి ఒకవైపు వాహనాలనే వదులుతారు. కాసేపు ఆగక తప్పదు. ఆ ఆగిన సమయంలో కేయా అనే కొండచిలకలు వచ్చి కారు మీద వాలతాయి, కిటికీల రబ్బరు పీకుతాయి. ఆలస్యం అని మీరు చిరాకు పడుతున్న ఆ పది నిమిషాలు, పక్క కారులో చేతిలో సమయం ఉన్నవాళ్లకు యాత్రలో భాగం. ఇద్దరూ ఆగింది ఒకే లైటు ముందు.

న్యూజిలాండ్‌లో ఊళ్ల బయటి రోడ్ల మీద వేగ పరిమితి మామూలుగా గంటకు వంద కిలోమీటర్లు. మన మనసు వెంటనే 118ని వందతో భాగిస్తుంది. సొరంగం దగ్గరి మలుపుల్లో వంద అన్నది గోడ మీద రాసిన అంకె మాత్రమే. వాన పడుతుంటే, ఎదురుగా బస్సులు వస్తుంటే, ఒకే వరస వంతెన దగ్గర ఎవరు ఆగాలో బోర్డు చూసుకోవలసి వస్తే, వేగం దానంతటదే తగ్గుతుంది. మనలాగే అక్కడా ఎడమవైపు నడపడం తెలుగువాళ్లకు కలిసొచ్చే అంశం. అదే మనల్ని మోసం చేసే అంశం కూడా. స్టీరింగు అలవాటైన చోటే ఉంది కదా అని రోడ్డు కూడా అలవాటైనదే అనుకుంటాం. తే అనౌ దాటాక దారిలో చాలాభాగం మొబైల్ సిగ్నల్ ఉండదు. మ్యాపులో ఆలస్యం చూసుకుని పడవవాళ్లకు ఫోన్ చేద్దామంటే కుదరదు. ఈ విషయాలన్నీ ముందే తెలుసుకోదగ్గవి. తెలిసీ లెక్కలో వేసుకోకపోవడమే చిక్కు.

మన మనసు ఎందుకిలా లెక్కిస్తుంది

ఇది ప్రయాణికుల అలవాటు మాత్రమే కాదు. డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీన్ని గుర్తించి, పేరు పెట్టారు. ఏదైనా పనికి పట్టే కాలాన్ని ఊహించేటప్పుడు మనం ఆ పని కథను మొదటి నుంచి చివరిదాకా మనసులో నడిపిస్తాం. ఆ కథలో అడ్డంకులు ఉండవు, ఎందుకంటే రాబోయే అడ్డంకి ఏదో మనకింకా తెలియదు. ఇలాంటి పనులు ఇదివరకు అందరికీ ఎంతకాలం పట్టాయో మాత్రం అడగం. 1994లో ప్రచురించిన ఒక అధ్యయనంలో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే ముగ్గురు పరిశోధకులు కెనడాలోని విద్యార్థులను థీసిస్ ఎప్పటికి పూర్తవుతుందని అడిగారు. సగటు జవాబు సుమారు 34 రోజులు. అన్నీ ఎదురు తిరిగితే ఎంత పడుతుందని అడిగితే సుమారు 49 రోజులన్నారు. నిజంగా పట్టింది 55 రోజులకు పైనే. ఇక్కడ ఆగి ఆలోచించవలసింది మధ్య అంకె గురించి. వాళ్లు ఊహించిన చెడ్డ రోజు కన్నా కూడా జరిగిన మామూలు రోజు నెమ్మదిగా నడిచింది. మన పెద్దవాళ్లు ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నది ఈ సంగతే. రెండు పనులకూ ఎస్టిమేట్లు వేస్తాం, రెండూ ఎస్టిమేట్లు దాటతాయి, అయినా తర్వాతి పెళ్లికి మళ్లీ అదే ధీమాతో కాగితం తీస్తాం.

కాబట్టి మొదటి మెట్టు, మన కథను పక్కనబెట్టి ఆ చోటి కథను అడగడం. మిల్‌ఫర్డ్‌కు ఈ ప్రశ్న వేస్తే ఆశ్చర్యకరమైన జవాబొకటి వస్తుంది. ఆక్లాండ్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులతో సహా చాలా కుటుంబాలు అటు బయల్దేరేది డిసెంబరు, జనవరి సెలవుల్లో. దక్షిణార్ధగోళంలో అది ఎండాకాలం. ఎండాకాలం అంటే ఎండ అని మన అనుభవం చెబుతుంది. మిల్‌ఫర్డ్‌లో ఎక్కువ వాన పడే నెలలు సరిగ్గా అవే. జనవరిలో సగటున 700 మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది. అంటే హైదరాబాద్ ఏడాది వానలో చాలాభాగం అక్కడ ఒక్క నెలలో పడుతుంది. అక్కడి చలికాలంలో, జూలైలో, వాన తక్కువ. కానీ అప్పుడు పగటి వెలుగు తక్కువ, కొండల మీద మంచు, మే నుంచి నవంబరు దాకా టైర్లకు వేసే గొలుసులు వెంట ఉంచుకోవాలన్న నియమం. అన్నీ కలిసొచ్చే కాలం అంటూ అక్కడ ఏదీ లేదు. ఏ కాలానికి తగ్గ మామూలు రోజు ఆ కాలానికుంది.

వాన ఏం చేస్తుంది

ఆ వాన అంతా ఎక్కడిదంటే, టాస్మాన్ సముద్రం మీదుగా వచ్చే పడమటి గాలులది. నైరుతి గాలులు మన పడమటి కనుమలను ఢీకొని వాన కురిపించినట్టే, అవి సదరన్ ఆల్ప్స్‌ను ఢీకొని పైకి లేచి, చల్లబడి కురుస్తాయి. కొండలకు అవతలున్న తే అనౌలో వాన చాలా తక్కువ. మిల్‌ఫర్డ్ పేరులో సౌండ్ అని ఉన్నా అది నిజానికి సౌండ్ కాదు. నది కోసిన లోయలోకి సముద్రం వస్తే సౌండ్ అంటారు. ఇది మంచునది తొలిచిన లోయ కాబట్టి ఫియోర్డ్. నది లోయ అడుగున ఇరుకుగా ఉంటుంది. మంచునది లోయకు అడుగు వెడల్పు, గోడలు నిలువు. ఆ గోడల మీద పడ్డ నీటికి ఇంకడానికి మట్టి లేదు, జారడానికి వాలు లేదు. నేరుగా కిందికి దూకుతుంది. ఏడాది పొడవునా పారే జలపాతాలు అక్కడ రెండే రెండు. 162 మీటర్ల లేడీ బోవెన్, 150 మీటర్లు దాటిన స్టిర్లింగ్. వాన మొదలైతే ఆ గోడల మీద తెల్లటి దారాల్లా వందల జలపాతాలు పుడతాయి. వాన ఆగిన కొద్ది గంటలకో ఒకటి రెండు రోజులకో మాయమవుతాయి. ఎండ రోజున పడవెక్కినవాడు రెండు జలపాతాలు చూస్తాడు. వాన రోజున ఎక్కినవాడికి లెక్క తప్పుతుంది.

నీటి కింద కూడా వాన పని కనిపిస్తుంది. అడవి నేల మీదుగా వచ్చిన వాననీరు ఆకుల రసంతో టీ రంగు పట్టి, ఉప్పునీటి మీద ఒక పొరగా తేలుతుంది. ఆ పొర వెలుగును అడ్డుకుంటుంది. అందువల్ల మామూలుగా సముద్రంలో బాగా లోతున బతికే నల్ల పగడాలు ఇక్కడ పది మీటర్ల లోతులోనే పెరుగుతాయి. హారిసన్ కోవ్‌లో నీటి కింద కట్టిన వీక్షణశాలలో మెట్లు దిగి, తడవకుండానే వాటిని చూడవచ్చు. పైన గోడల మీద మట్టి లేకపోయినా చెట్లున్నాయి. నాచు మీద నిలబడి, ఒకదాని వేళ్లు ఒకటి పెనవేసుకుని బతుకుతాయి. వాన ఎక్కువై ఒకటి జారితే పక్కవాటిని కూడా లాక్కుని మొత్తం గుంపు నీళ్లలోకి వస్తుంది. కొండ మీద గీరినట్టు కనిపించే చారలు ఆ జారుడువే. ఇవన్నీ తెలిసినవాడికి వాన అంటే చూడవలసిన వస్తువును కప్పేసిన తెర కాదు, చూడవలసిన వస్తువే.

అలాగని వాన వల్ల నష్టమే లేదని చెప్పడం మోసం. మబ్బు కిందికి దిగితే మైటర్ పీక్ కనిపించదు. 1,680 మీటర్లు దాటిన శిఖరం కోసం సముద్రాలు దాటి వచ్చినవాడికి అది లోటే. ఎండే మేలు, వానే మేలు అని ఇక్కడ తీర్పు చెప్పడం లేదు. లోటు ఎంత పెద్దదిగా అనిపిస్తుందన్నది దేనితో పోల్చుకున్నాం అన్నదాని మీద ఆధారపడుతుందని మాత్రం అంటున్నాను. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ విజేతల ముఖాలను పరిశీలించి 1995లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రజతం గెలిచినవాళ్ల కన్నా కాంస్యం గెలిచినవాళ్లు ఎక్కువ సంతోషంగా కనిపించారు. రజతం వచ్చినవాడు చేజారిన స్వర్ణాన్ని తలచుకుంటాడు. కాంస్యం వచ్చినవాడు పతకమే లేకుండా పోయేది కదా అనుకుంటాడు. ఫొటోలోని రోజును ప్లాన్‌లో రాసుకున్నవాడికి వాన రోజు చేజారిన స్వర్ణం. సగం రోజులు వానే అని తెలిసి వచ్చినవాడికి శిఖరం పది నిమిషాలు తొంగిచూసినా లాభమే.

రోడ్డు నడిపేవాళ్ల పద్ధతి

మామూలు రోజుకు ప్లాన్ వేయడం ఎలాగో ఆ రోడ్డును నడిపేవాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు. హోమర్ సొరంగం తవ్వకం 1935లో, ఆర్థికమాంద్యం రోజుల్లో, కొద్దిమంది కూలీల చేతుల్లోని గునపాలతో, తోపుడు బండ్లతో మొదలైంది. మంచుచరియలు ప్రాణాలు తీశాయి, మధ్యలో ప్రపంచయుద్ధం వచ్చింది, చివరికి వాహనాలకు తెరిచింది 1954లో. ఆ కొండల్లో రోడ్డు ఎప్పుడూ తెరిచే ఉంటుందని నమ్మేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. చలికాలంలో పైన మంచు పేరుకుని ప్రమాదం పెరిగితే రోడ్డు మూసేసి, హెలికాప్టర్ నుంచి పేలుడు పదార్థాలు వేసి, మంచుచరియను వాళ్లే కావాలని కిందికి దించుతారు. శుభ్రం చేసి మళ్లీ తెరుస్తారు. మూత వాళ్లకు వైఫల్యం కాదు, పనిలో ఒక భాగం. ఎప్పుడు పడుతుందో తెలియని చరియను, మనం చెప్పినప్పుడు పడే చరియగా మార్చుకున్నారు.

ఇంతకన్నా పాత ఉదాహరణ కెప్టెన్ కుక్‌ది. 1770 మార్చిలో ఆయన ఓడ ఈ తీరం వెంట పోతూ ఒక ఫియోర్డ్ ముఖద్వారానికి వచ్చింది. ఓడలోని ప్రకృతి శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్‌కు అక్కడ దిగాలని గట్టి కోరిక. లోపలికి తీసుకెళ్లే గాలి ఉంది సరే, బయటకు తెచ్చే గాలి ఎన్నాళ్లకు వీస్తుందన్నది కుక్ సందేహం. అక్కడ పడమటి గాలే మామూలు. ఆయన లోపలికి వెళ్లలేదు. ఆ చోటుకు తన సందేహాన్నే పేరుగా పెట్టాడు. నేటికీ అది డౌట్‌ఫుల్ సౌండ్. మూడేళ్ల తర్వాత, 1773లో, మరో ప్రయాణంలో ఆయన అదే తీరంలోని డస్కీ సౌండ్‌లోకి వచ్చి, తీరిక చేసుకుని వారాల తరబడి ఆగాడు. మొదటిసారి వెనకడుగు పిరికితనం అనుకుంటే రెండోసారి అర్థం కాదు. అలవాటుగా వీచే గాలిని లెక్కలోకి తీసుకున్నవాడే వీలు చూసుకుని తిరిగి రాగలిగాడు.

ఇక మీ ప్లాన్. ఒక్కరోజు యాత్రను రెండు రోజులు చేసి రాత్రి తే అనౌలో ఉండండి. దీంతో ఒక పగలు నడపవలసిన దారి 576 కిలోమీటర్ల నుంచి 400 దరిదాపుకు తగ్గుతుంది. ఇంధనం అక్కడే పూర్తిగా నింపుకోండి. పొద్దున్నే రోడ్డు పరిస్థితి చూసుకునే బయల్దేరండి. మ్యాపు చెప్పిన సమయానికి కనీసం ఒక గంటన్నర కలిపి పడవ వేళ ఎంచుకోండి. పార్కింగ్ నుంచి టెర్మినల్‌కు నడక కూడా ఉంటుంది. గొడుగు ఆ గాలికి నిలవదు, టోపీ ఉన్న వానకోటు కొనుక్కోండి. సాండ్‌ఫ్లై అనే చిన్న ఈగలు కుడతాయి, వాటికి పూత మందు ఉంచుకోండి. అదే రాత్రి విమానం ఎక్కవలసిన రోజున మాత్రం ఈ యాత్ర పెట్టుకోకండి. వీటితోపాటు షరతులతో కూడిన వాక్యాలు రెండు మూడు ముందే రాసి పెట్టుకోండి. వాన పడితే పడవలో పై అంతస్తుకు వెళ్లి జలపాతాలు చూస్తాం. రోడ్డు మూస్తే తే అనౌ సరస్సు దగ్గర రోజు గడుపుతాం. మబ్బు దిగితే నీటి కింద వీక్షణశాలకు వెళతాం. ఇలా జరిగితే ఇలా చేస్తాను అని ముందే అనుకున్నవాళ్లు, ఊరికే చేస్తాను అనుకున్నవాళ్ల కన్నా పనిని ఎక్కువగా పూర్తిచేస్తారని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధనలు చూపించాయి. కారణం సులువుగానే అర్థమవుతుంది. తడిసి, అలిసి, పిల్లలు ఏడుస్తున్నప్పుడు నిర్ణయాలు బాగా రావు. బాగా వచ్చే వేళ ఇంట్లో కూర్చున్న ఈ వేళే.

అభ్యంతరాలు

దీనికి మొదటి అభ్యంతరం డబ్బు, సెలవు. పది రోజుల సెలవులో రెండు రోజులు ఒక్క చోటుకే ఇస్తే మిగతావి ఎప్పుడు చూడాలి? న్యాయమైన ప్రశ్నే. కానీ ఇక్కడ లెక్క వేయవలసింది చోట్ల సంఖ్యతో కాదు, చూసిన గంటలతో. ఒక్కరోజు యాత్రలో పన్నెండు గంటలకు రెండు గంటల ఫియోర్డ్ దక్కుతుంది, అదీ పడవ అందితే. రాత్రి ఆగిన యాత్రలో ఎగ్లింటన్ లోయ, డివైడ్, కేయాలు కూడా దక్కుతాయి. నిజంగానే ఒక్కరోజే ఉంటే, కారు వదిలి బస్సు ఎక్కండి. నడిపే శ్రమా రోడ్డు చూసుకునే బాధ్యతా ఆ దారి రోజూ నడిపేవాడికి అప్పగించినట్టవుతుంది. అది కూడా మామూలు రోజుకు వేసిన ప్లానే. విమానంలో వెళ్లిపోతే గొడవ ఉండదు కదా అంటారు కొందరు. చిన్న విమానాలను ఆపేది కూడా ఆ మబ్బూ ఆ గాలే. పర్సు పెద్దదైనంత మాత్రాన వాతావరణం మారదు.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. ఎప్పుడూ వాననే ఊహించుకుంటే ఉత్సాహం చావదా, ఇది నిరాశావాదం కాదా? మామూలు రోజుకూ చెడ్డ రోజుకూ తేడా తెలుసుకుంటే ఈ అనుమానం తీరుతుంది. 2020 ఫిబ్రవరి మొదట్లో అక్కడ మూడు రోజుల లోపే వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన కురిసి, రోడ్డు చాలాచోట్ల కొట్టుకుపోయింది. మిల్‌ఫర్డ్‌లో చిక్కుకున్న వందలమందిని హెలికాప్టర్లలో తరలించారు. అది చెడ్డ రోజు. దాన్ని కొలతగా పెట్టుకుంటే ఎవరూ ఇల్లు కదలరు. చెడ్డ రోజును మనసులో పెట్టుకునేవాడు భయస్థుడు, ఫొటో రోజును పెట్టుకునేవాడు ఆశపోతు. వీళ్లిద్దరిదీ ఒకే పొరపాటు. అరుదుగా వచ్చేదాన్ని రోజూ వచ్చేదిగా లెక్కగట్టారు. రెండు రోజుల్లో ఒకటి వాన అని తెలిసినవాడు నిరాశావాది ఎలా అవుతాడు? లెక్క తెలిసినవాడు, అంతే. పైగా అతనికి దక్కే సంతోషం మిగతా ఇద్దరికీ దక్కదు. ఎండ కాస్తే అది అతనికి బహుమతి. ఆశపోతుకు అది బాకీ తీరడం మాత్రమే.

మూడో అభ్యంతరం, ఇంత ఖాళీ వదిలితే మనిషి బద్ధకస్తుడు కాడా అని. ఈ ప్లాన్‌లో గట్టిగా పట్టుకోవలసినవి గట్టిగానే ఉన్నాయని గమనించండి. బయల్దేరే వేళ, ఇంధనం, పడవ టికెట్టు, వానకోటు మన చేతిలోనివి. వాటిలో సడలింపు లేదు. మబ్బు, ఎర్రలైటు, మంచుచరియ మన చేతిలో లేనివి. ఖాళీ వదిలింది వాటికే. బద్ధకస్తుడు దీన్ని తిరగేసి చేస్తాడు. తన చేతిలో ఉన్న వేళను జార్చుకుని, చేతిలో లేని ట్రాఫిక్ కలిసొస్తుందని ఆశపడతాడు. ప్లాన్‌లోని గంటన్నర ఖాళీ మీ బద్ధకం కోసం ఉంచింది కాదు, కొండ కోసం ఉంచింది. దాన్ని మీరే పొద్దున నిద్రలో వాడేసుకుంటే కొండ తన గంటన్నర మళ్లీ అడుగుతుంది.

ఇదే కొలత ఇంటికి తెచ్చుకోండి. ప్రవేశపరీక్షకు రోజుకు పన్నెండు గంటలు చదువుతానని టైమ్‌టేబుల్ గోడకు అంటించే విద్యార్థి, జ్వరం రాని, చుట్టాలు రాని, కరెంటు పోని నెలకు ప్లాన్ వేస్తున్నాడు. గత నెలలో నిజంగా ఎన్ని గంటలు చదివాడో రాసుకుని అక్కడ మొదలుపెడితే ఆ కాగితం పది రోజుల తర్వాత కూడా గోడ మీద ఉంటుంది. జీతంలో ఇంత మిగులుతుందని ఏప్రిల్‌లో లెక్క వేసే ఉద్యోగి జూన్‌లో బడి ఫీజులను మరిచిపోతాడు. ఆరు నెలల్లో గృహప్రవేశం అని ముహూర్తం ఊహించే యజమాని, ఆ వీధిలో చివరిగా కట్టిన మూడు ఇళ్లకు ఎన్నాళ్లు పట్టిందో వెళ్లి అడిగితే చాలు. జవాబు పక్కింట్లోనే ఉంటుంది. మనం అడగం, ఎందుకంటే మన కథ వేరని మనకు నమ్మకం.

ఈ వారం మీరు వేసుకోబోయే ప్లాన్ ఒకటి తీసుకోండి. ప్రయాణమో పనో ఏదైనా సరే. దానికి మీరు అనుకున్న సమయం ఒక పక్కన రాయండి. అలాంటి పనికి ఇదివరకు మీకైనా ఇంకొకరికైనా నిజంగా పట్టిన సమయం రెండో పక్కన రాయండి. మొదటి అంకెను కొట్టేసి, రెండో అంకెతో ప్లాన్ వేయండి. వానకోటు సంచిలో పెట్టుకుని బయల్దేరండి. ఎండ కాస్తే అది సంచిలోనే ఉంటుంది, పెద్ద బరువేం కాదు.